పోటు వేళ తెరిచిన తలుపు

మూడో తలుపు గొలుసుకి గ్రీజు పెట్టించి మేజర్ హంసవేణి పైకి వచ్చేసరికి ఏటి తలుపుల్ని నడిపే యంత్రం ఏరుబుర్ర పొద్దుటి పాఠం మొదలెట్టేసింది. నీళ్ళలో ఉప్పుపాలు ఇంత, ఎగువ నుంచి దిగే నీరు ఇంత, మడతోటల్లో కొత్తగా వేళ్ళూనిన మొక్కలు ఇన్ని. చివర్లో రోజూ అనే మాటే అంది. "పోటు మొదలైంది. పన్నెండు తలుపులూ మూస్తున్నాను."

"మూసుకో తల్లీ, నీకడ్డమెవరు?" అంటూ హవల్దార్ పోలయ్య టీ గ్లాసు తెచ్చి మేజరుగారి ముందు పెట్టాడు.

ఏరుబుర్రని అడ్డుకునేవాళ్ళు నిజంగానే లేరు. సముద్రం లంకల్ని ఒక్కొక్కటే మింగుతూ పైకెక్కిన కాలంలో, సైన్యంలోని జలదళం తుపాకులు పక్కనపెట్టి పార పట్టి, గోదావరి నోటికి అడ్డంగా కట్టిన ఉప్పుకట్టకి బుర్ర అది. పోటు వస్తే తలుపులు మూస్తుంది, ఉప్పునీరు బయటే ఆగిపోతుంది. పాటు వస్తే తీస్తుంది, ఏటినీరు సముద్రంలో కలుస్తుంది. ఎగువన ఏడు ఊళ్ళు ఇవాళ మంచినీళ్ళు తాగుతున్నాయన్నా, వరి నాటుతున్నాయన్నా ఆ కట్ట చలవే. ఊరికే ఆడిపోసుకోకూడదు, బంగారంలాంటి కట్ట.

కాకపోతే అది లేచిన నాటి నుంచి ఏట్లోకి ఒక్క పులస రాలేదు.

ఆ చేపని వెనక్కి తేవడమే హంసవేణి పని. ఆమెది పునర్జీవ విభాగం. జలదళం ఈ విషయంలో ఖర్చుకి వెనకాడలేదు గానీ, చేసిన ఘనకార్యాలు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. చలిదేశాల చేపలు ఎగిరి దూకుతాయని చదివి, అవే కొలతలతో కట్ట పక్కన నున్నగా చేపలమెట్లు కట్టించారు. పులస జన్మలో దూకదు. బారులు తీరి నీటి అడుగున ఈదుకుంటూ పోతుంది. ఆ మెట్ల మీద ఇప్పుడు కొంగలు దర్జాగా కాళ్ళు కడుక్కుంటున్నాయి. తర్వాత చేపపిల్లల్ని పెంచి సముద్రంలో వదిలారు. పోయినవి పోయినట్టే పోయాయి. బ్రిగేడియర్ ఏసుపాదంగారికి విసుగెత్తి, ఈ ఏడాది వరద ఎర్రనీరు తగ్గేలోగా చేప కనబడకపోతే విభాగం ఎత్తేస్తామని తేల్చి చెప్పేశారు. ఎత్తేస్తే ఆమెకి జీతం ఆగదు, ఎక్కడో ఇసుకదేశంలో కాలవ తవ్విస్తారు. కానీ ఈ ఏటిని అడిగే దిక్కు ఉండదు.

ఎర్రనీరు వచ్చి మూడోరోజు. హంసవేణి టీ తాగుతూ నీటిచెవుల్ని తలకి తగిలించుకుంది. కట్టకి అవతల, సముద్రం వైపు, నీళ్ళలోపల ఏ చప్పుడైనా వినిపిస్తాయవి. రోజూ వినబడేది బురద గీరుకునే చప్పుడు. ఇవాళ మాత్రం ఎవరో చేట నిండా బియ్యం చెరుగుతున్నట్టుంది.

"అదేమిటి?" అని ఏరుబుర్రని అడిగింది.

"తేలుడు చెత్త. నాలుగో తలుపు ముందు గుంపుగా చేరింది."

"చెత్తకి ఇంత చప్పుడెక్కడిది? చోద్యం కాకపోతే! పోలయ్యగారూ, నీటికన్ను దించండి."

పోలయ్య దించాడు. తెర మీద ముందు ఎర్రటి మసక. తర్వాత వెండి రంగు మెరుపొకటి, దాని వెనక ఇంకోటి, ఆ వెనక లెక్కకందనన్ని. మూసిన తలుపుకి ముట్టెలు ఆనించి కొట్టుకుంటున్నాయి.

"ఓరి దేవుడో! పులసలు మేజరమ్మగారూ, పులసలు!" అని పోలయ్య గంతేశాడు.

హంసవేణి గంతెయ్యలేదు. తెర వైపు చూస్తూ కుర్చీలో కూలబడిపోయింది. "పోటు తోసుకొచ్చే ఊపుతోనే కదండీ చేప ఏరెక్కేది? పోటు రాగానే కదా మనం తలుపు మూసేది? ఇన్నేళ్ళూ మెట్లు కట్టి, పిల్లల్ని పెంచి రమ్మని పిలుస్తున్నాం. వచ్చిన ప్రతిసారీ మొహం మీదే తలుపేస్తున్నాం!" సిగ్గుతో, బాధతో ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పాటు దాకా ఆగవంటారా?"

"కడుపునిండా గుడ్లండీ వాటికి. అంతసేపు ఉప్పులో కొట్టుకుంటే అక్కడే వదిలేస్తాయి. ఒక్కటీ పొదగదు."

ఒక్క తలుపు తీసి ఉంచినా ఉప్పునీరు బరువు కనుక అడుగునే పాకుతూ ఊళ్ళ కాలవల దాకా పోతుంది. అక్కడ తూములు మూసి ఉంటే నష్టం లేదు. తూములు మాత్రం ఏరుబుర్ర చేతిలో లేవు, ఊళ్ళ చేతిలో ఉన్నాయి. ఏడూళ్ళ నీటిసంఘానికి పెద్ద సూరాయమ్మ. హంసవేణి ఆమెకి ఫోన్ చేసింది.

"సూరాయమ్మగారూ, మీ తూములన్నీ మూయించాలండీ. ఇప్పుడే."

"ఏం, మునిగిపోతన్నామా?"

"లేదండీ. పోటు దిగేదాకా ఒక తలుపు తీసి ఉంచుతాను. ఉప్పు పైకొస్తుంది."

"మతుండే మాటాడతన్నావా అమ్మాయ్? నారు పోసి వారం కాలేదు!"

"పులసలొచ్చాయండీ."

గొంతు తగ్గించి, "ఎవరు చెప్పేరు? ఆ బుర్రా?" అందావిడ.

"బుర్ర చెత్తంటోంది. నేను కళ్ళారా చూశాను. పాటు రాగానే తలుపులన్నీ ఎత్తి ఏటిని కడిగేస్తాను. అందాకా తూము తియ్యొద్దు. నారు వడిలితే పూచీ నాది."

"నీ పూచీ నేనేం చేసుకోను, అట్టేసుకు తిననా? ఒక్క మాటిను. అయి గుడ్లు పెట్టి తిరిగెళ్ళేదాకా ఎవడైనా వలేశాడో, నీ సిపాయిలు ఆణ్ణి ఒడ్డు మీదే ఆపెయ్యాలి. ఒక్క చేప కూడా ఎవరి పులుసులోకీ పోకూడదు. మాటిస్తావా?"

"ఇచ్చానండీ."

"మరింకా ఫోను పట్టుకు చూస్తావేం? తియ్యి తలుపు!"

ప్రతి తలుపుకీ ఒక హస్తపలక ఉంటుంది, ఒకటి అందితే ఇంకోటి అందనంత ఎడంగా. అధికారి అరచెయ్యి దాని మీద ఆనినంతసేపే తలుపు తెరుచుకుని ఉంటుంది, చెయ్యి తీస్తే పడిపోతుంది. ఎవరికీ వాడబుద్ధి కాకూడదనే అలా పెట్టారేమో! హంసవేణి నాలుగో పలక మీద కుడిచెయ్యి ఆనించింది. గొలుసులు కిర్రుమన్నాయి.

"నియమ విరుద్ధం. కారణం చెప్పండి," అంది ఏరుబుర్ర.

"పులస."

"ఆ జీవి ఈ ఏట్లో లేదు."

"ఇప్పుడొచ్చింది. కళ్ళు తెరిచి చూడు."

పావుగంటలో బ్రిగేడియర్ తెర మీద ప్రత్యక్షమయ్యారు. "మేజర్, ఆ తలుపు దించు. ఇది ఆజ్ఞ."

"పోటు దిగాక దించుతాను సార్."

"నీ అధికారం తీసేస్తాను!"

"తీసెయ్యండి సార్. చెయ్యి మాత్రం ఇప్పుడు తియ్యను." పలకని ఇంకా గట్టిగా నొక్కింది. "ఒక్కసారి నీటికన్ను చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఆయన చూశారో లేదో గానీ తెర మీంచి పోలేదు. ఆమె అధికారం తీసెయ్యనూ లేదు. వెండి బారు తలుపు దాటి ఎర్రనీళ్ళలోకి పోతూనే ఉంది. ఉప్పునీరు ఎగువకి పాకుతూ ఉంటే, దాని ముందే ఒక్కో ఊరి తూమూ మూసుకుంటోంది. ఆఖరి ఊరివాళ్ళు బద్ధకిస్తే సూరాయమ్మ పెట్టిన కేకలు ఫోన్ అక్కర్లేకుండానే వినబడేలా ఉన్నాయి. పోలయ్య పక్కన నిలబడి మేజరుగారికి ఉప్మా ముద్దలు అందించాడు. వద్దంటే ఊరుకోలేదు.

మధ్యాహ్నానికి పోటు దిగింది. హంసవేణి చెయ్యి తీసేసరికి అది తనది కానట్టే ఉంది. తలుపులన్నీ లేచాయి, ఏరు హోరుమంటూ ఉప్పుని సముద్రంలోకి తోసేసింది. నీటిచెవుల్లో బియ్యం చప్పుడు మాత్రం ఆగలేదు. బయట ఇంకో గుంపు చేరుతోంది, మొదటిదానికంటే పెద్దది.

"ఊళ్ళ కాలవల ముందు నీరు మంచిదైంది," అంది ఏరుబుర్ర. "అయినా ఏడు తూములూ మూసే ఉన్నాయి. ఇంకా చేపలు రావాలట, సాయంత్రం పోటుకి కూడా తియ్యబోమని ఊళ్ళు చెబుతున్నాయి. నా లెక్క కుదరడం లేదు."

హంసవేణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తెర మీద ఏసుపాదంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మేజర్, సాయంత్రం ఆ గుంపుకి ఒక్క తలుపు సరిపోతుందా?"

"చాలదు సార్. రెండు తియ్యాలి. కానీ రెండో పలక మీద చెయ్యి వెయ్యడానికి ఇక్కడ ఇంకో అధికారి లేరు."

ఆయన టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డారు.

"రేవుకి పడవ పంపించు. నేను బయల్దేరుతున్నాను."