ఆరని డాష్‌బోర్డు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో పడవలకి ఫైబర్ గ్లాసు అతుకులు వేసే నీలకంఠానికి తన పని మీద చాలా గౌరవం. ఎంత గౌరవమంటే, ప్రపంచంలో ఇంకేదీ నేర్చుకోవలసిన అవసరం లేదని ఇరవై ఆరేళ్ళకే తేల్చేసుకున్నాడు. స్టీలు ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లో, ఒక ఉదయం అతని షెడ్డులోకి ఓ పాత పికప్ వ్యాను దూసుకొచ్చి, రెజిన్ జిగురు డబ్బాకి సరిగ్గా జానెడు దూరంలో ఆగింది.

"కల్లు కనబడతన్నాయా డ్రైవరూ?" అని గావుకేక పెట్టాడు నీలకంఠం.

తలుపు తెరుచుకుని డ్రైవరు దిగింది. జడ వేసుకుంది. జడలో కనకాంబరాలు కూడా పెట్టుకుంది.

"కనబడ్డాయి గాబట్టే ఆగినాను. డబ్బా మీదికి ఎక్కించనేదు గదా?"

నీలకంఠం వంగి డబ్బా మూత సరిచేశాడు. మూత అంతకుముందు కూడా సరిగ్గానే ఉంది.

"ఇక్కడ డాష్‌బోర్డు బాగుసేత్తారేటి?"

"ఇక్కడ పడవలు బాగుసేత్తాం."

"ఇదీ పడవే అనుకో. వానొత్తే లోపలంతా నీల్లే."

ఆ అమ్మాయి పేరు కాశిరత్నం. వాళ్ళ నాన్న వరహాలుది ఊరవతల పద్మనాభం అనే పల్లె. పోర్టు వేలంలో కొన్న ఆ జపాను బండిలో రోజూ పూర్ణా మార్కెట్‌కి కూరగాయలు తోలేవాడు. రెండేళ్ళ క్రితం ఆయన కాలు విరిగితే కూతురు స్టీరింగ్ పట్టుకుంది. కాలు అతుక్కుంది గానీ, స్టీరింగ్ మాత్రం మళ్ళీ ఆయన చేతికి రాలేదు.

ఎండకి డాష్‌బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పగిలిపోయింది. కొత్తది కావాలంటే జపాను వెళ్ళాలి.

"సగం రోజు పని," అన్నాడు నీలకంఠం, గర్వంగా.

కాశిరత్నం ముఖం వాడిపోయింది. "సగం రోజేటి? తొందరేం నేదు, నిదానంగా సెయ్యి. రోజూ మార్కెట్ అయిపోయాక ఓ గంట బండి తెత్తాను."

నిదానంగా చెయ్యమన్న కస్టమరుని నీలకంఠం అంతవరకూ చూడలేదు. తన పనితనం సంగతి పద్మనాభం దాకా పాకిందని అర్థం చేసుకున్నాడు. అంతకంటే తప్పు అర్థం ఇంకొకటి ఉండదు.

గాజు పీచు ముక్కలు కత్తిరించి, పగులు మీద పరిచి, రెజిన్ పూయాలి. రెజిన్‌లో హార్డెనర్ కలిపితేనే అది గట్టిపడేది. తక్కువైతే రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. చిన్నపిల్లాడికి కూడా తెలిసిన ఈ సంగతి ఆ రోజు నీలకంఠానికి గుర్తు రాలేదు. బండి అద్దంలోంచి రెండు కళ్ళు తననే చూస్తున్నాయి మరి. హార్డెనర్ పోసే చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు డాష్‌బోర్డు ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

"మబ్బు పట్టింది గదండీ. ఆరనేదు," అన్నాడు.

కాశిరత్నం బయటికి తొంగిచూసింది. ఎండకి రోడ్డు మీద తారు కరుగుతోంది. "ఏదీ, ఆ మబ్బేదో నాకూ సూపించు."

"హార్బరు మబ్బులు మీలాటోల్లకి కనబడవండీ."

"అలాగేటి? అయితే రేపొత్తాను," అంది, ఏమాత్రం విసుక్కోకుండా.

నాలుగో రోజుకి ఓ మూల గట్టిపడింది. అయిదో రోజు చూస్తే అదే మూల రెండు లోతైన గీతలు.

"ఇదేటండీ?"

"ఎలకలు."

"రెండు గీతలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి."

"మా ఊరెలకలు సదువుకున్నాయి."

ఆమె జడలోని పిన్నుకి కూడా సరిగ్గా అంతే ఎడంలో రెండు కాళ్ళున్నాయి. తన పేరు చెడగొట్టడానికే ఈ పిల్ల వచ్చిందని నీలకంఠానికి రూఢి అయిపోయింది. పగ తీర్చుకోవడానికి హార్డెనర్ ఇంకాస్త తగ్గించాడు. దాంతో ఆమె మరిన్నాళ్ళు రావలసి వచ్చింది. పగంటే అలా ఉండాలి.

రెండు వారాలు గడిచాయి. పక్క షెడ్డు పోలయ్య, "ఏటి బావా, ఓడ కడతన్నావేటి?" అని అడగడం కూడా మానేశాడు.

పదహారో రోజున నిజంగానే వాన పడింది. రేకుల మీద మోత. ఇద్దరూ బండిలో కూర్చున్నారు. కాశిరత్నం స్టీరింగ్ మీద చేతులు పెట్టి, ఎప్పటిలా నవ్వకుండా అద్దం మీద నీళ్ళని చూస్తోంది.

"శనోరం గాజువాక నుంచి కంట్రాక్టరొత్తన్నాడు. స్టీలు ప్లాంటు పనికి బండి కావాలంట. డాష్‌బోర్డు బాగైతే నాన్న అమ్మేత్తాడు. బండి తోలే ఆడగుంటకి సంబంధాలు రావంట." గీతలు పడ్డ మూలని వేలితో తడిమింది. "స్టీరింగ్ పట్టుకుంటే నాను నానులా ఉంటాను. అది పోతే నాకేటుంది? అందుకే పిన్నుతో గీసినాను."

"తెలుసు."

"తెలిసీ ఎందుకూరుకున్నావ్?"

"హార్డెనర్ తగ్గించింది నాను."

"అదీ తెలుసు. ఎంత కలపాలో డబ్బా మీద రాసే ఉంది గదా. నాను టెన్త్ పాసు."

"మరి నువ్వెందుకూరుకున్నావ్?"

టెన్త్ పాసైన పిల్ల జడ ముందుకేసుకుని పిన్ను సర్దుకుంది. నీలకంఠమే తల వంచుకుని చెప్పాడు. "నువ్వెల్లిపోయాక ఈ షెడ్డులో నాకేటీ తోచదు. మల్లీ పొద్దున బండి సౌండు ఇనబడేదాకా అంతే."

కాశిరత్నం వెళ్ళేటప్పుడు హారన్ రెండుసార్లు కొట్టింది. అడ్డం ఎవరూ లేరు.

మర్నాడు శుక్రవారం. బండితోపాటు వరహాలూ దిగాడు, చంకలో గొడుగుతో.

"సగం రోజు పనికి పదిహేడు రోజులేటయ్యా? ఈపాటికి స్టీలు ప్లాంటయిపోను!" అంటూ కోపంగా డాష్‌బోర్డు మీద ఒక్కటి చరిచాడు.

చెయ్యి తిరిగి రాలేదు. పనసకాయ కోసిన చేతిలా అంటుకుపోయింది. లాగి ఊడదీస్తే అయిదు వేళ్ళూ అచ్చంగా దిగబడి ఉన్నాయి.

"ఏటిది?"

"మబ్బండీ..." అన్నాడు నీలకంఠం, అలవాటు కొద్దీ.

"హార్డెనర్ సాలనేదు నాన్నా," అంది కాశిరత్నం, నోరు జారి.

"నీకెలా తెలుసే?"

ఇద్దరూ నేల చూపులు చూశారు. ముప్పై ఏళ్ళుగా గంప పైన చూసి అడుగున ఏముందో చెప్పగల వరహాలుకి ఈ గంప ఓ లెక్క కాదు.

నీలకంఠమే ముందు తలెత్తాడు. "నాకు ఈవిడంటే ఇష్టమండీ. మీరు బండి మాత్రం అమ్మకండి."

"బండి తోలే గుంటని సేసుకుంటావా?"

"బండి తోలకపోతే ఇక్కడికొచ్చేదే కాదు గదండీ."

"నీకు డ్రైవింగొచ్చా?"

"రాదండి."

"పోనీ, పడవ?"

"బాగుసేత్తానండి. ఎక్కితే వాంతులు."

వరహాలు కూతురి వైపు తిరిగాడు. "నీకూ ఇష్టవేనా?"

"పదిహేడు రోజులు పిన్నులరగదీసినాను నాన్నా."

ఆయన అరచేతిలోని జిగురుని పంచెకి తుడుచుకున్నాడు. అది పోలేదు. "బండమ్మేత్తే ఈడు మా ఊరెలా వత్తాడే? బస్సంతా కక్కి పాడుసేత్తాడు," అన్నాడు గొణుక్కుంటున్నట్టు. కాశిరత్నం ఏడుస్తూ నవ్వేసింది.

నీలకంఠం పదిహేడు రోజుల్లో మొదటిసారి హార్డెనర్ సరిగ్గా కొలిచి కలిపాడు. "ఈ చెయ్యి అచ్చు పూడ్సీమంటారా అండీ?"

"అక్కర్లేదు. ఉండనీ."

పైన పలచగా ఒక పూత వేశాడు. అరగంటలో ఆ అయిదు వేళ్ళూ రాయిలా గట్టిపడ్డాయి.

శనివారం కంట్రాక్టరు వచ్చి డాష్‌బోర్డు చూసి, "ఈ సెయ్యెవరిదండీ?" అని అడిగాడు.

"నాదే. అంటుకుపోనాది. ఇక అమ్మలేను, మీరెల్లిరండి," అన్నాడు వరహాలు.

ఇప్పుడు ఆ బండిలో కాశిరత్నం పక్కన నీలకంఠం కూర్చుంటాడు. మలుపు వచ్చినప్పుడల్లా మామగారి చెయ్యి అచ్చులో తన అయిదు వేళ్ళూ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంటాడు. చూసినవాళ్ళు అల్లుడి భక్తికి మురిసిపోతారు. భక్తీ లేదు, ఏమీ లేదు. కాశిరత్నం ఇప్పటికీ జానెడు దూరం మిగిలేదాకా బ్రేకు తొక్కదు.