రంజితాబాయి టీ గిన్నె

పొద్దున కొట్టు తెరవడానికి ముందు పురుషోత్తం చేసే మొదటి పని, ఇంట్లో గాజు అలమరలోని ఆ పింగాణీ గిన్నెను మెత్తటి గుడ్డతో తుడవడం. బెంగళూరు కళాకారుడొకాయన సొంత చేత్తో చేసి కాల్చిన గిన్నె అది. పోయిన నెల వేలంలో పాడుకొని చింతామణిలోని ఇంటికి తెచ్చుకున్నాడు. అయితే చేసినాయన కంటే, వాడినామె పేరే అతని నోట ఎక్కువగా వినబడేది.

"రంజితాబాయి అంటే ఏమనుకున్నావు నంజప్పా? కన్నడ నాటకాల్లో మహారాణి!" పక్క కొట్టాయనను పిలిచి మరీ చూపిస్తున్నాడు. "ఏండ్ల తరబడి దీంట్లోనే టీ తాగినాది. లోపల సన్నగా గోధుమరంగు గీతలు చూడు. ఆయమ్మ టీనే పగుళ్లలో ఇంకిపోయుండాది. దీని విలువంతా అదే."

వంటింట్లో అతని భార్య రూప చేతిలో గరిటె ఆగిపోయింది. నిన్న తను కట్టిన చీర రంగు చెప్పలేని మనిషికి, ఎవరో తాగిన టీ మరకలు మాత్రం కంఠతా వచ్చు.

వాళ్లటు వెళ్లగానే గిన్నె తీసింది. వంటసోడా వేసి, వేడినీళ్లు పోసి నానబెట్టింది. తర్వాత నిమ్మచెక్కతో రుద్దింది. ఒక్కో గీతా చెరిగిపోతుంటే ఆమెకు కడుపు చల్లబడినట్లయింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన పురుషోత్తం అలమర ముందే నిలబడిపోయాడు.

"ఏం చేసినావు రూపా దీన్ని?"

"తోమినా. ఊరోళ్ల ఎంగిలి మరకలు ఎవరన్నా ఇంట్లో దాచుకుంటారా?"

"ఎంగిలా! ఆయమ్మ గుర్తంతా అదే కదా. ఇప్పుడిది ఉత్త గిన్నె!"

"ఆయమ్మ దేంట్లో తాగిందో ఊరంతా చెప్తాండారే, నేను దేంట్లో తాగుతానో చెప్పండి."

"స్టీలు లోటాలో."

"కాదు."

"గాజు గ్లాసులో?"

"మీకందరికీ పోసినాక, కాచిన గిన్నెలో అడుగున మిగిలింది నిలబడి తాగుతా. ఒక్కనాడన్నా చూసినారా?"

అతను మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"పోయినామె మీద కుళ్లెందుకు రూపా? ఆమె సామాను బల్లల మీద పరిచి వేలం పాడినారు. మా అమ్మది, మా అత్తది అని అడిగినోళ్లు ఒక్కరన్నా లేరు. ఉంటే నా దాకా యాడ వస్తుంది? ఆఖర్లో టీ కూడా ఒక్కతే తాగేదంట."

ఇన్నాళ్లూ రూప ఊహలో రంజితాబాయి తలనిండా పూలతో, చుట్టూ జనంతో నవ్వుతూనే ఉండేది. ఒంటరిగా గిన్నె ముందు కూర్చున్న ముసలామె ఆ ఊహలోకి ఎన్నడూ రాలేదు. ఆమె మిగిల్చిపోయిన ఆ కాస్త గుర్తునూ తన చేతులే తుడిచేశాయి. రూప కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది.

పురుషోత్తం లేచి వంటింట్లోకి వెళ్లాడు.

"టీపొడి యాడుండాది?"

"మీ కండ్ల ముందరే."

కాసేపటికి ఆ పింగాణీ గిన్నెనే రెండు చేతులా పట్టుకొచ్చాడు. పొగలు కక్కుతోంది.

"అయ్యో, దీంట్లోనా!"

"కూచో. కూచోని తాగు."

రూప కూర్చుంది. అతను ఎదురుగా కూర్చొని, ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"ఎట్లుండాది?"

"చక్కెర వెయ్యలేదు మీరు," అంది కళ్లు తుడుచుకుంటూ. చివరి చుక్క దాకా తాగింది.