మూడో స్థలం కింద పగులు

ఉదయం పదింటికి లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి ఉపగ్రహ చిత్రాల నిపుణుడు లోపల కుప్పకూలి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గాటు. దగ్గరుండాల్సిన మెమరీ కార్డు మాయం.

పదిన్నరకల్లా డేగ చీఫ్ ఎదుట ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని పిలిచేది ఆ పేరుతోనే. లిఫ్ట్‌లో పడిపోయినవాడు స్వయానా అతని అక్క భర్త.

"బావ ఎలా ఉన్నాడు సార్?"

"ఐసీయూలో. స్పృహ లేదు. విను. అణు విద్యుత్ కేంద్రానికి చూసిన మూడో స్థలం కింద భూమి పగిలి ఉందని రాడార్ చిత్రంలో పట్టుకున్నది మీ బావే. విదేశీ ముఠా ఆ చిత్రం మార్చేసింది. అసలుది మాయమైన ఆ కార్డులో మాత్రమే ఉంది. పన్నెండింటికి కమిటీ సంతకం. అక్కడ రియాక్టర్ కట్టాక ఒక్కసారి భూమి కదిలితే చాలు, మూడు లక్షల మంది పోతారు. వాళ్ళకి బాంబు వేసే పని కూడా ఉండదు."

"లోపల మనవాళ్ళున్నారా?"

"ఒకావిడ ఉంది. ముఠా కూడా తమ మనిషే అనుకుంటోంది. నిజంగా ఎవరి మనిషో నాకూ తెలీదు."

పావు తక్కువ పన్నెండుకి డేగ ప్రొజెక్టర్ మెకానిక్ వేషంలో మీటింగ్ హాల్లో ఉన్నాడు. తెర మీద మూడో స్థలం పడింది. ఏరు గీత గీసినట్టు తిన్నగా పారుతోంది. పగులు దగ్గర ఏరు విరిగి పక్కకి జరిగిందని పోయిన ఆదివారం భోజనాల దగ్గర బావ వేలితో గీసి మరీ చూపించాడు.

విదేశీ సలహాదారు పక్కన నల్ల గౌనులో దుబాసీ, మెరుపుతీగలా ఉంది. డేగ వైరు సర్దుతున్నట్టు వంగి, "బాగా మబ్బు పట్టింది," అన్నాడు.

"రాడార్‌కి మబ్బు అడ్డం కాదు."

చీఫ్ చెప్పిన కోడ్ కలిసింది. ఆమె లిప్‌స్టిక్ అతని అరచేతిలో పడింది. మూత లోపల మెమరీ కార్డు.

"సూది గుచ్చింది నేనే," అందామె పెదవి కదపకుండా. "వాళ్ళిచ్చిన మందులో సగమే ఎక్కించాను. బతుకుతాడు."

డేగ పళ్ళు నూరాడు. తగవుకి టైం లేదు. చైర్మన్ అప్పుడే కలం మూత తీశాడు. అంతలో టేబుల్ కింద నుంచి సలహాదారు పిస్తోలు డేగ డొక్కలో ఆనింది.

"కార్డు ఇటివ్వు."

ఆమె హైహీల్ సలహాదారు పాదంలో దిగబడింది. అతను మెలికలు తిరిగిపోయాడు, పిస్తోలు జారింది. డేగ కార్డుని ప్రొజెక్టర్‌లోకి తోశాడు. తెర మీద ఏరు విరిగింది. చైర్మన్ కలం మొదటి అక్షరం మీదే ఆగిపోయింది.

గార్డులు సలహాదారుని ఈడ్చుకుపోతుండగా డేగ ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావకి తెలివొచ్చిందిరా. నన్ను పలకరించకుండా, కమిటీ ఏం తేల్చిందని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

డేగ అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"మూడోది కొట్టేశారని చెప్పు. నాలుగోది వెతకాలట, సెలవు పెట్టొద్దని కూడా చెప్పు."