నీలం తలుపు ఇంటికి రొట్టె

స్ముర్న రేవులో క్రైస్తవ సంఘ పరిచారకుడు స్తాకుస్ శవం తేలింది. ఆ కబురు ఎఫెసు చేరిన రోజే జోటికస్‌కు పిలుపొచ్చింది.

పిలిచింది అఫియా, ఎఫెసు సంఘంలో పెద్దావిడ. చూపు పోయింది కానీ జ్ఞాపకం పోలేదు.

"కూర్చోరా. స్ముర్నలో మనవాళ్ల ఇళ్లు దొరికిపోతున్నాయి. ప్రభు విందుకు రాలేని వాళ్లకి, రోగులకి, దాక్కున్న వాళ్లకి రొట్టె పంపుతాం కదా. రొట్టె వెళ్లిన ఇంటికి వెనకాలే రోమా భటులు వెళ్తున్నారు."

"పంపడం మానేయమనండి."

"అది మానేశాక మనమెందుకురా?"

జోటికస్ భార్య అమ్మియా సార్దీస్‌లో ఆ రొట్టెల బుట్ట మోస్తూనే పట్టుబడింది. అక్కడి సంఘాధ్యక్షుడు మీసం రాని కుర్రాడు. మాటకారి కొత్తవాణ్ణి చూసి మురిసిపోయి, తలమీద చేతులుంచి పరిచారకుణ్ణి చేశాడు. ఆ కొత్తవాడు గవర్నర్ మనిషి. అమ్మియా శవం కూడా ఇవ్వలేదు. కుర్రాడు తర్వాత చాలా ఏడ్చాడట. జోటికస్ చూడ్డానికి వెళ్లలేదు.

"స్ముర్న అధ్యక్షుడు గ్లైకన్. వాడూ కుర్రాడే," అంది అఫియా.

"అనుకున్నాను."

"నా మాటలు మూడు వాడికి చేరాలి. తొందరపడి ఎవరి తలమీదా చేతులుంచొద్దు, ముందు పరీక్షించు. ఇద్దరు సాక్షులు లేనిదే ఎవరిమీదా నింద నమ్మొద్దు. మూడోది, కుర్రాడివని నిన్నెవరూ చులకన చేయకుండా నడుచుకో. మూడూ చెప్పాలి."

పగిలిన మట్టిపలకలో సగం ముక్క అతని చేతిలో పెట్టింది. మిగతా సగం గ్లైకన్ దగ్గరుంది. అంచులు కలిస్తే వచ్చిన ఏజెంట్ అసలువాడు.

జోటికస్ దీపాలమ్మేవాడి వేషంలో స్ముర్నలో దిగాడు. గ్లైకన్ ఉన్ని అద్దకం పనివాడు. మోచేతుల దాకా ఎర్రరంగు.

"ఎక్కడి దీపాలు పెద్దాయనా?"

"ఎఫెసువి. ఒకటి దారిలో పగిలింది."

అదే కోడ్. గ్లైకన్ తన ముక్క తీశాడు. అంచులు కలిశాయి.

వెనకగదిలోకి ఒకామె వచ్చి అతిథికి కాళ్లు కడిగింది. పేరు మెలిటా. పెర్గము నుంచి వచ్చిన విధవరాలు. మనిషి వస్తే గది వెలుగెక్కేంత అందం.

"ఎంత దూరం నడిచావో అన్నా, పాదాలు పగిలిపోయాయి," అంది జాలిగా. "దారిలో ఏ ఊళ్లో ఆగావు? ఎవరింట్లో బస?"

"చెట్లకింద," అన్నాడు జోటికస్.

ఆమె వెళ్లాక గ్లైకన్ గొంతు తగ్గించాడు. "ఆదివారం, ప్రభు దినాన ఈమె తలమీద చేతులుంచుతున్నాను. స్తాకుస్ బదులు ఈమె బుట్ట మోస్తుంది."

"సంఘంలోకి ఎప్పుడొచ్చింది?"

"ద్రాక్ష కోతలప్పుడు."

"ఆ రసం ఇంకా పులవనే లేదు కదరా అబ్బాయ్." జోటికస్ అఫియా మాటల్లో మొదటి రెండూ చెప్పాడు. మూడోది మింగేశాడు. "రొట్టె ఏ ఇంటికెళ్తుందో ఈమెకి తెలుస్తోందా?"

"బుట్ట సర్దుతుంది."

"ఇంకేం. ఈసారి మోసిందంటే ఊళ్లో మనవాళ్ల ఇళ్లన్నీ ఒక్క పూటలో దొరికిపోతాయి."

గ్లైకన్ ముఖం కందిపోయింది. "ఇద్దరు సాక్షులన్నారు. మీరొక్కరే. అదీ చూసిన సాక్షి కాదు."

కుర్రాడి మాట సరైనదే. అందుకే జోటికస్‌కు మరింత ఒళ్లు మండింది. "అయితే చూద్దువుగానీ. మొదట ఒక్క ఇంటికే పంపు. ఏ ఇల్లో నేను చెప్తాను."

గ్లైకన్ మాట ఇవ్వకుండానే అద్దకం పనికి లేచిపోయాడు.

దీపాలమ్మేవాడికి తెరుచుకోని తలుపుండదు. వేగుల్ని నడిపే రోమీయుడు సాబీనస్ రేవు వీధిలో నీలం తలుపు ఇంట్లో పిల్లనగ్రోవి వాయించే పిల్లనొకదాన్ని ఉంచుకున్నాడు. తెల్లవారుజామున వెనకసందులో వచ్చి, పొద్దెక్కాక పోతాడు. అతని కింద పనిచేసే వాళ్లకు ఆ ఇల్లు తెలీదు. అతని భార్యకూ తెలీదు. ఆ పిల్ల జోటికస్ దగ్గర దీపం కొంటూ, బేరమాడుతూ, అంతా కక్కేసింది. జోటికస్ ఆ ఇంటి గుర్తు గ్లైకన్‌కు చెప్పాడు.

ప్రభు దినం, ఇంకా పొద్దెక్కలేదు. మెలిటా మోకరించింది. ఎర్ర చేతులు ఆమె తలమీదికి వంగాయి. వీడూ సార్దీస్ కుర్రాడి లాంటివాడే, అనుకున్నాడు జోటికస్.

చేతులు ఆమె జుట్టుకు తగలబోయి ఆగాయి.

"ముందు ఒక ఇంటికి వెళ్లిరా చెల్లీ," అన్నాడు గ్లైకన్. "రేవు వీధి, నీలం తలుపు. లోపల మనవాడొకడు జబ్బుపడ్డాడు. వచ్చాక చేతులుంచుతాను."

ఎదుటి అద్దకం కొట్లో ఉన్ని కట్టల వెనక గ్లైకన్, ఒక సంఘపెద్ద, జోటికస్ నిలబడి చూశారు. మెలిటా నీలం తలుపు ముందు బుట్ట దించింది. వంగి చెప్పు వారు కట్టుకుంది. అది సిగ్నల్. ఆమె వెంటే వచ్చినవాడొకడు ఈల వేసి తప్పుకున్నాడు, సందులోంచి భటులు దూకారు, తలుపు విరిగింది.

ఈడ్చుకొచ్చింది సాబీనస్‌ని. ఒంటిమీద పిల్లనగ్రోవి పిల్ల శాలువా తప్ప ఏమీ లేదు. వీధంతా బయటికొచ్చి నిలబడింది. భటులకు అతనెవరో తెలీదు, వేగులెవరో కూడా తెలీదు. అతను చెప్పుకునేలా లేడు.

"ఆ ఆడదాన్ని పట్టుకోండి," అని అరిచాడు. "రొట్టె తెచ్చింది అదే. క్రైస్తవురాలు."

"నేను కాదు," అంది మెలిటా. "నేను మీ మనిషిని."

"పట్టుబడ్డాక సగం మంది చెప్పేది ఇదే," అన్నాడు భటుడు.

స్ముర్నలో ఆ రోజు మరే ఇల్లూ దొరకలేదు. గ్లైకన్ బుట్ట తనే మోశాడు. అన్ని ఇళ్లూ అయ్యాక కూడా అందులో ఒక రొట్టె మిగిలింది.

"ఇదెవరికి?" అన్నాడు జోటికస్.

"చెరసాలకి. మెలిటా విందుకు రాలేదు కదా."

"స్తాకుస్‌ని చంపించిన మనిషి అది."

"తెలుసు."

"నీ మొహాన విసిరికొడుతుంది."

"కొట్టనీ. పంపడం మన పని పెద్దాయనా."

ఆ ఎర్ర చేతులు చెరసాల కిటికీ కమ్ముల్లోంచి రొట్టె అందించడం జోటికస్ బజారు చివర నుంచి చూశాడు. దగ్గరికి వెళ్లలేదు. సార్దీస్‌లో అమ్మియాకు ఎవరూ రొట్టె తీసుకెళ్లలేదు. ఆ మాట ఈ కుర్రాడికి చెప్పి ఏం లాభం.

ఎఫెసులో అఫియా అడిగింది. "మూడు మాటలూ చేరాయా?"

"రెండు చేరాయి."

"మూడోది? ఎవరూ చులకన చేయకుండా నడుచుకోమన్నది?"

"దారిలో పగిలింది," అన్నాడు జోటికస్.