దింపుడు కల్లం కాడి పుట్టకొక్కు

చెన్నూరు నుంచి గోదారికి పోయే తొవ్వలో దింపుడు కల్లం ఉన్నది. పొద్దుగూకినంక అక్కడ ఎడ్లు కూడా ఆగయని పేరు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను, వినండి. శవాన్ని మోసుకపోతూ సగం దూరంలో ఒకసారి దింపుతరు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతదేమోనని ఆశ. పలికినవాళ్లను ఎవరూ చూడలే. బదులు దొరకని పిలుపులన్నీ అక్కడే తిరుగుతుంటయని మాత్రం ఊరంతా అంటది...

ఇది మా ఊరి బాలవ్వ నోట విన్నదే. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఆమె కొడుకు పర్శరాములుకు ఫొటోల పిచ్చి పట్టింది. ఫొటో దుకాణం యెషయా సార్‌ది. పనిలో పెట్టుకొమ్మని ఆయన వెంట పడ్డడు. సార్ ఒక పాత పెట్టె కెమెరా ఇచ్చి పంపితే, ఏవో తీసుకొచ్చిండు.

"ఏందిర ఇవి? అంగీ గుండీలా?"

"పుట్టకొక్కులు సార్."

"నిలవడి తీస్తివి గదా! మనిషి ఎత్తు నుంచి చూస్తే అన్నీ గుండీలే. బొర్ల పండు. దాని ఎత్తుకు నువ్వు దిగు. వెనుక ఆకాశంల మొగులు కనవడాలె. రీలుల ఒక్కటే ఫొటో మిగిలింది. గది మంచిగొస్తే పని నీదే. లేకుంటే మీ మామ వెంట కట్టెలు కొట్టను పో."

పుట్టకొక్కులంటే పుట్టగొడుగులే, రాత్రి వానకు లేస్తయి. తెల్లారేసరికి ఊరోళ్లు ఏరుకపోతరు. ఎవరూ చెయ్యి పెట్టనివి ఎక్కడుంటయి? దింపుడు కల్లం కాడనే.

కోడి కూయకముందే పోయిండు. సన్నగ తుంపర. పుట్ట పక్కన ఒక్కటే పుట్టకొక్కు — తెల్లగ, జానెడు ఎత్తు. దాని ముంగట కెమెరాను నేల మీద పెట్టిండు. వెనుక తను బొర్ల పండుకొని, తడవకుండ తెల్లదుప్పటి నెత్తి మీది నుంచి కప్పుకున్నడు.

వెలుగు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలె. సార్ చెప్పిన లెక్క నూట ఇరవై. అంతదాకా కదలొద్దు. కదిలితే బొమ్మ చెదురుతది.

ఒకటి... రెండు... మూడు...

నలభై కాడ, వెనుక అడుగుల చప్పుడు.

ఆగింది.

ఎవరో చెవి కాడికి వంగిన్రు. వెచ్చటి ఊపిరి —

"పర్శరాములూ..."

పలుకుదామా? పలికితే దవడ కదుల్తది. దవడ కదిలితే చెయ్యి కదుల్తది. చెయ్యేమో కెమెరా మీదనే ఉండె!

డెబ్బై...

"పర్శరాములూ..." ఈసారి గొంతు వణికింది.

నూట పది...

"పర్శరాములూ... లేరా బిడ్డా..."

నూట ఇరవై! కెమెరా కన్ను మూసి, దుప్పటితోనే ఎగిరి నిలవడ్డడు.

చెంప చెళ్లుమన్నది.

"మూడుసార్లు పిలిస్తే పలుకవారా, సచ్చినోడా!"

బాలవ్వ! పక్క మీద కొడుకు లేడని వెతుక్కుంట వచ్చింది. కల్లం మీద తెల్లదుప్పటి, దాని కింది నుంచి కొడుకు చెప్పులు. తల్లి ఇంకేమనుకుంటది?

"పలికితే బొమ్మ చెదురుతదవ్వా!"

"నీ బొమ్మ పాడుగాను! నా పానం చెదిరింది గదరా!"

మూడు రోజులకు ఫొటో కడిగితే, తల్లీకొడుకులు దుకాణానికి పోయిన్రు. పుట్టకొక్కు తాడిచెట్టంత ఎత్తున నిలవడ్డది. అంచుకు వాన చుక్క, వెనుక మొగులు.

"శభాష్!" అన్నడు సార్.

కానీ... పుట్టకొక్కు అవతల, పొగలాగ ఒక తెల్లటి రూపం. వంగి ఉన్నది.

పర్శరాములు ఒక అడుగు వెనుకకు జరిగిండు.

"ఫికర్ చెయ్యకు," సార్ నవ్విండు. "కన్ను తెరిచి ఉన్నప్పుడు ఎవరన్న కదిలితే గిట్లనే పొగలెక్క పడ్తరు. గది మీ అవ్వనే."

బాలవ్వ ఫొటోను కండ్ల కాడికి తెచ్చుకున్నది. మళ్లొకసారి చూసింది.

"నేను వీని వెనుక నుంచి వచ్చిన సారూ. చెవు కాడనే కూసున్న. కెమెరా ముంగటికి... రానేలే."

యెషయా సార్ ఫొటోను మెల్లగ బల్ల మీద బోర్లేసిండు.

"రేపటి నుంచి పనికి రా పర్శరాములూ," అన్నడు. "జర... పొద్దెక్కినంకనే రా."