టోల్ దాటాక పక్క సీటు

కార్క్ నుంచి డబ్లిన్ పోయే మోటార్‌వే మీద, పోర్ట్‌లీష్ దగ్గర టోల్ గేటు ఉంది చూశారూ... పగలైతే ఎన్నిసార్లయినా పోండి. చీకటి పడ్డాక ఒంటరిగా మాత్రం పోవద్దంటారు మనవాళ్ళు. గేటు దాటి కాస్త ముందుకెళ్ళగానే పక్క సీటు మోగుతుందట. బెల్టు పెట్టుకోకపోతే కారు బీప్ బీప్ అంటుందే, ఆ మోత. సీట్లో ఎవరూ ఉండరు... కారు మాత్రం ఎవరో కూర్చున్నారంటుంది.

సగం మంది బియ్యం బస్తా పక్క సీట్లో పెట్టుకుని హడలి చచ్చినవాళ్ళే లెండి. శశికాంత్ సంగతి వేరు. విన్నది విన్నట్టు చెప్తాను, నమ్మితే నమ్మండి.

శశికాంత్ కార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడాదిగా ఆ మోటార్‌వే ఎక్కలేదు. డబ్లిన్ పోవాలన్నా ఊళ్ళ మధ్యనుంచి పాత రోడ్డు పట్టుకుని ఈడ్చుకుంటూ పోయేవాడు. టోల్‌కి కక్కుర్తి పడుతున్నాడని అందరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అని ఊరుకునేవాడు. అసలు కారణం అతనికొక్కడికే తెలుసు... అతనికీ, పోయినవాడికీ.

పోయినవాడు ఆకాష్, అతని ప్రాణస్నేహితుడు. నిరుడు డిసెంబరులో ఇద్దరూ కలిసి వస్తుంటే టోల్ దాటాక కారు పల్టీ కొట్టింది. ఆకాష్ ఎగిరి గడ్డిలో పడి అక్కడికక్కడే పోయాడు. శశికాంత్ చిన్న చిన్న గాయాలతో బయటపడ్డాడు. నడిపింది ఆకాషేననీ, కునుకు పట్టిందనీ గార్డ్స్‌తో చెప్పాడు. ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అనే అంటాం. చూసినవాళ్ళు లేరు, కాదనేవాళ్ళూ లేరు.

ఆ మాట తిన్నగా పోర్ట్‌లీష్‌లో ఆకాష్ ఇంటికి చేరింది. అతని తల్లి దమయంతి కోడలు నీలిమని ఆడిపోసుకోవడం మొదలుపెట్టింది. మొగుడికి కంటినిండా నిద్ర లేకుండా చేసి రోడ్డు మీదికి తోలావు, నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావు అని ఏడాదిగా అదే పాట. నీలిమ నోరెత్తలేదు. పాపం, ఆ పిల్లకి మాత్రం ఏం తెలుసు?

ఈ డిసెంబరులో సంవత్సరీకం వచ్చింది. ముందురోజే రమ్మని, వస్తూ వస్తూ విస్తరాకులూ నువ్వులూ బియ్యమూ తెమ్మని నీలిమ ఫోన్ చేసింది. శశికాంత్‌కి కాదనడానికి మొహం చెల్లలేదు. బయల్దేరాడు. ఈ నెలలో ఇక్కడ సాయంత్రం కాఫీ వేళకే కటిక చీకటి, దానికి తోడు వాన. పాత రోడ్డు నీట మునిగిందని గార్డ్స్ అడ్డం నిలబడి బళ్ళన్నీ మోటార్‌వే మీదికి మళ్ళిస్తున్నారు. దేన్నుంచి తప్పించుకు తిరిగాడో అదే దారి.

గేటు లేచింది. దాటాడు. రోడ్డు నల్లగా, తడిగా... ముందూ వెనకా ఒక్క బండి లేదు.

బీప్.

చూస్తే పక్క సీట్లో బియ్యం బస్తా, గేటు దగ్గర కుదుపుకి ఒరిగి ఉంది. హమ్మయ్య, ఇదా అనుకుని ఒంటి చేత్తో కిందికి తోసేశాడు.

బీప్... బీప్... బీప్...

సీటు ఖాళీ. మోత ఆగకపోగా జోరందుకుంది. రోడ్డు పక్కకి తీసి బండి ఆపాడు. డాష్‌బోర్డులోంచి డమ్మీ క్లిప్పు తీశాడు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న చిన్న ఇనప ముక్క అది. బెల్టు పెట్టుకోకుండానే పెట్టుకున్నట్టు కారుని నమ్మిస్తుంది.

నిరుడు ఆకాష్ సీటుకి పెట్టింది కూడా అలాంటిదే. వాడు బెల్టు లాక్కోబోతే, కడుపునిండా తిన్నావు, ఇంకా బెల్టెందుకురా, హాయిగా పడుకో అని శశికాంతే ఆ క్లిప్పు నొక్కాడు. ఆ తర్వాత నడుపుతూ నడుపుతూ ఫోన్లో మెసేజి చూసుకున్నాడు... అంతే. అప్పటికి పౌరసత్వం దరఖాస్తు పెట్టి ఉన్నాడు. కేసు పడితే అది గంగలో కలిసినట్టే. అందుకని చచ్చినవాడి చేతికి స్టీరింగ్ అంటగట్టాడు.

క్లిప్పు నొక్కాడు. మోత ఆగింది. ఊపిరి పీల్చుకున్నాడు.

టక్.

క్లిప్పు ఎగిరొచ్చి అతని ఒళ్ళో పడింది. మంచుముక్కలా ఉంది... దానికి తడి గడ్డిపరక ఒకటి అంటుకుని ఉంది.

బీప్... బీప్... బీప్...

"తెలుసురా," అన్నాడు ఖాళీ సీటుకేసి చూస్తూ. "నువ్వు కూర్చుంది ఇక్కడే. నడిపింది నేను. క్లిప్పు పెట్టిందీ నేనే... నన్నొదిలెయ్యరా."

మోత ఆగలేదు. దాని మధ్యలోంచి సన్నగా ఏడుపు... కారు స్పీకర్లోంచి. తెర మీద నీలిమ పేరు వెలుగుతోంది. అతను ఫోను ముట్టుకోనే లేదు. అది వెనక సీట్లో, కోటు జేబులో ఉంది.

"నాయనా శశీ." దమయంతి గొంతు. "మా వాడు ఏ సీట్లో కూర్చున్నాడో... నా కోడలు వినేట్టు ఇంకోసారి చెప్పు."

చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు?

నీలిమ ఫోనందుకుని, ఎప్పటిలాగే మెత్తగా, "గార్డ్స్‌కి ఎప్పుడు చెప్తారన్నయ్యా?" అంది.

రేపు సంవత్సరీకం అయిపోగానే వెళ్తానన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే మోత చెవులు చిల్లులు పడేలా లేచింది. తలుపు తీద్దామని చెయ్యి వేస్తే రాలేదు.

"ఇవాళే..." అన్నాడు ఏడుస్తూ. "ఇప్పుడే వెళ్తాను."

మోత టక్కున తగ్గింది. పక్కన ఏదో కదిలినట్టయి తల తిప్పాడు. ఖాళీ సీటు మీదుగా బెల్టు మెల్లగా... దానంతట అదే సాగుతోంది. సాగి, ఎవరి ఛాతీ మీదనో ఆనినట్టు బిగిసి, కిందికి దిగి తాళంలో పడింది.

పోర్ట్‌లీష్ గార్డ్స్ స్టేషను దాకా కారు మళ్ళీ మోగలేదు.