ఎరుపు తుడిచేసిన ఫొటో

"ఎవరండీ ఈ అమ్మాయి?"

టైపిస్టు ఆ ఫొటోను స్టూడియో కౌంటరు మీద విసిరినంత పని చేసింది. ఫొటోగ్రాఫరు తలెత్తి చూశాడు.

"మీరేనండీ. మొన్నేగా తీయించుకున్నారు!"

"నా మొహం మీద ఎరుపేదీ?"

"తీసేశానండీ!" మెప్పు కోసం చెయ్యి చాపినట్టే ఉంది వాలకం. "ముక్కు మీంచి రెండు బుగ్గలకీ పాకింది కదా. మీరు అడక్కపోయినా గంట కూర్చుని శుభ్రం చేశా."

ఆమె స్టూలు మీద కూలబడింది. పాపం, తిట్టడానికే వచ్చింది. కానీ తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా!

"ఆ ఎరుపు కోసమే ఫొటో తీయించుకున్నా, మహానుభావా! డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేసరికి ఎప్పుడూ మాయమైపోతోంది. ఫోనులో తీస్తే అదీ బుగ్గలు తెల్లగా చేసేస్తోంది. ఈసారి వచ్చినప్పుడు మంచి ఫొటో తీయించి తెమ్మన్నారు. తీరా ఇవాళ చూపిస్తే, మొహం నిగనిగలాడుతోందే అన్నారు."

రెండేళ్లుగా ఇదే బతుకు. తెల్లారితే వేళ్లు ముడుచుకోవు, సాయంత్రానికి జ్వరం. ఎండలో పది నిమిషాలు నడిస్తే మర్నాడు మంచం దిగలేదు. ఆఫీసులో వేషాలన్నారు. బద్ధకానికి మందు లేదంది వదిన. నిన్న కన్నతల్లి కూడా "నిజంగానేనా తల్లీ?" అని అడిగేసింది. ఇప్పుడు తన మీద తనకే అనుమానం మొదలైంది.

ఇదంతా అతనికి చెప్పేసింది. ఫొటోగ్రాఫరు మొహం మాడిపోయింది.

"అసలు ఫొటో దాచే ఉంచానండీ. తప్పు నాది, డాక్టరమ్మకు నేనే చెప్తా. ఎండ తగ్గాక వెళ్దాం."

అన్నట్టే వెళ్లాడు. కొత్త ప్రింటు ముందు పెట్టి, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"నీ పనితనం తగలెయ్య!" అని అతన్ని కసిరి, ఆమెకు రక్తం, మూత్రం పరీక్షలు రాసింది.

రిపోర్టులు వచ్చాక జబ్బు పేరు చెప్పింది. లూపస్.

"ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద పడుతుందమ్మా. కంచే చేను మేసినట్టు. పూర్తిగా పోదు, మందులతో అదుపులో ఉంటుంది. ఎండలో తిరక్కు. బాగుంది కదా అని మాత్రలు మానకు."

ఆమె బయటికొచ్చి ఏడ్చింది. మధ్యలో నవ్వింది కూడా. తనది వేషం కాదు, జబ్బే!

ఆ తర్వాత ఫొటోగ్రాఫరు రోజూ సాయంత్రం గొడుగు పట్టుకుని ఆఫీసు గేటు దగ్గర తేలేవాడు. "వానేదీ బాబూ?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, "వస్తుందేమోనండీ" అని ఆకాశం వైపు చూసేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఆసుపత్రి బెంచీ మీద ఆమె వంతు కోసం ఇద్దరూ ఎదురుచూస్తుండగా, ఉన్నట్టుండి అడిగేశాడు.

"మనం పెళ్లి చేసుకుందామా?"

"ఇది పోయే జబ్బు కాదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. తెలుసా?"

"తెలుసు. డాక్టరమ్మని మూడుసార్లు అడిగా. మూడోసారి కోప్పడ్డారు."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ పొద్దుటినుంచీ ఒళ్లు సీసం పోసినట్టుంది.

"రేపు చెప్తానండీ. ఇవాళ మాట్లాడే ఓపిక కూడా లేదు."

అనేసి, అలవాటుగా భయపడింది. ఇప్పుడు ఇతనూ అందరిలాగే అడుగుతాడు. ఏం పని చేశావని? రాత్రి నిద్రపోలేదా? చూస్తే బాగానే ఉన్నావుగా?

అతను బెంచీ చివరికి జరిగాడు.

"సరే, కాస్త ఒరగండి. పిలిస్తే లేపుతాను."

"ఎందుకు ఓపిక లేదని అడగరేం?"

"లేదని మీరు చెప్పారుగా. ఇంకేం అడగాలి?"

ఇన్నాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. ఆమె కళ్లు తుడుచుకుని అతని భుజం మీద తల ఆనించింది.

"రేపటిదాకా ఎందుకులే. మా అమ్మతో నువ్వే మాట్లాడు" అంది కళ్లు మూసుకుని.

అతనేదో చెప్పబోయేలోపే నిద్రపోయింది.